పద్నాలుగు లక్షల సీటు, పాతిక వేల జీతం

ప్రశ్న: నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు రాస్తాను. జీతం 28 వేలు. పటమటలో అద్దె ఇల్లు. మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది, దాని మీద నెలకి నాలుగు వేల దాకా వస్తాయి. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతోనే పాసైంది కానీ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు నలభై వేలు దాటింది. కన్వీనర్ కోటాలో, అంటే కౌన్సెలింగ్‌లో ర్యాంకు ప్రకారం ఇచ్చే సీట్లలో అయితే ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చే కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) రావచ్చని అంటున్నారు. అమ్మాయికి మాత్రం కంప్యూటర్ సైన్స్, అంటే సీఎస్ఈనే కావాలి. ఒక ప్రైవేటు యూనివర్సిటీ తరఫున అని ఫోన్ చేసి, ఏడాదికి మూడు లక్షల ఫీజుతో సీఎస్ఈ ఇస్తాం, ఆదివారం లోపు 25 వేలు కట్టి సీటు ఖాయం చేసుకోండి అంటున్నారు. బ్యాంకులో నేను దాచింది రెండున్నర లక్షలు. నున్న దగ్గర చిన్న స్థలం ఉంది, అమ్మాయి పెళ్లికని ఎప్పుడో కొన్నాను. అది అమ్మేసి, మిగతాదానికి లోన్ పెట్టమని బావమరిది అంటున్నాడు. కన్వీనర్ సీటే తీసుకునేట్టయితే ఆదాయం సర్టిఫికెట్ తక్కువకి రాయించి ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి పెడదామని కూడా అన్నాడు. అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఇంత పోసి ఇంజినీరింగ్ చదివిస్తే ఆ డబ్బు తిరిగి వస్తుందా? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక తండ్రి, పటమట

సమాధానం: మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. అమ్మాయిని ఇంజినీరింగ్ చదివించాలా అన్నది ఒకటి. ఈ సీటు కొనాలా అన్నది ఇంకొకటి. చదివించండి. ఆ సీటు మాత్రం కొనకండి. ఎందుకంటున్నానో లెక్కతో సహా చెప్తాను. రోజూ లెక్కలు రాసేవారు కాబట్టి తప్పుంటే మీకే తెలిసిపోతుంది.

ముందు ఖర్చు. ఏడాదికి మూడు లక్షలంటే నాలుగేళ్లకి ఫీజే 12 లక్షలు. బస్సుకి ఏడాదికి 40 వేలు వేసుకున్నా లక్షా అరవై వేలు. లాప్‌టాప్ ఒక యాభై వేలు. అక్కడికే 14 లక్షలు దాటింది. పరీక్ష ఫీజులు, పుస్తకాలు, మధ్యలో వచ్చే చిన్నాచితకా ఖర్చులు నేను కలపలేదు. ఫోన్‌లో చెప్పిన మూడు లక్షలు నాలుగేళ్లూ మూడే ఉంటుందా, ఏటా పెరుగుతుందా అని మీరు అడిగారో లేదో రాయలేదు. అడిగితే జవాబు కాగితం మీద తీసుకోండి.

స్థలం ఎంతకి పోతుందో కూడా మీరు రాయలేదు. అది అమ్మి, దాచిన రెండున్నర లక్షలూ కలిపాక ఇంకో 8 లక్షలు లోన్ కావాలనుకుందాం. బ్యాంకు ఏడాదికి 2 లక్షల చొప్పున ఇస్తుంది. వడ్డీ పదిన్నర శాతం అనుకోండి. చదువు నాలుగేళ్లు, ఆపైన ఒక ఏడాది వాయిదాలు ఉండవు కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే పడుతూ ఉంటుంది. మొదటి ఏడాది తీసుకున్న రెండు లక్షల మీద ఐదేళ్లు, రెండో ఏడాదిదాని మీద నాలుగేళ్లు, అలా అన్నీ కలిపితే చక్రవడ్డీ లేకుండానే 2 లక్షల 94 వేలు. అంటే అమ్మాయి మొదటి వాయిదా కట్టే రోజుకి అప్పు 11 లక్షలకి దగ్గరగా ఉంటుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకి 14,750 రూపాయలు కట్టాలి. పదేళ్లూ కడితే మొత్తం 17 లక్షల 70 వేలు. స్థలం, మీ డిపాజిట్ దీనికి అదనం.

ఇప్పుడు జీతం సంగతి. క్యాంపస్ సెలక్షన్లలో ఎక్కువమందిని తీసుకునేది పెద్ద ఐటీ సర్వీస్ కంపెనీలే. వాటిలో మామూలు ఫ్రెషర్ ఉద్యోగానికి ఇచ్చే ప్యాకేజీ ఏడాదికి 3 నుంచి 4 లక్షల మధ్య ఉంటుంది. ఈ అంకె పదేళ్ల పైనుంచీ పెద్దగా కదల్లేదు. ఫీజులు, అద్దెలు మాత్రం ఆగలేదు. కోడింగ్ పరీక్షల్లో బాగా రాసినవాళ్లకి అవే కంపెనీలు 6, 7 లక్షలు కూడా ఇస్తాయి కానీ వాళ్లు కొద్దిమంది. మూడున్నర లక్షల ప్యాకేజీ అంటే నెలకి 29 వేల చిల్లర అనిపిస్తుంది కదా, చేతికి అంత రాదు. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, పనితీరు బట్టి ఇచ్చే భాగం అన్నీ ఆ మూడున్నరలోనే కలిపి చెప్తారు. అమ్మాయి పీఎఫ్ కూడా పోయాక అకౌంట్లో పడేది 24, 25 వేలు.

ఉద్యోగం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటుంది. భోజనంతో లేడీస్ హాస్టల్ 8 నుంచి 10 వేలు. ఆఫీసుకి రాకపోకలు, ఫోను, బట్టలు, పండక్కి ఇంటికి రావడం, ఒంట్లో బాగాలేకపోతే మందులు, ఇవన్నీ ఎంత పొదుపుగా చూసుకున్నా ఇంకో 5, 6 వేలు. మిగిలేది పది వేలు. బ్యాంకు అడిగేది 14,750. ఆ తేడా ఎవరు కట్టాలి? మీరే కట్టాలి. అప్పటికి అబ్బాయి కూడా కాలేజీలో ఉంటాడు.

ఇది ఉద్యోగం వెంటనే వచ్చినప్పటి మాట. క్యాంపస్‌లో రాకపోతే మన పిల్లలు ఏం చేస్తున్నారో మీరూ చూస్తూనే ఉంటారు. అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు, ఆరు నెలలు హాస్టల్, ఇంటర్వ్యూల కోసం తిరగడం. దానికీ ఇంటి నుంచే డబ్బు వెళ్లాలి. చదువు అయిన ఏడాదికి ఉద్యోగం ఉన్నా లేకపోయినా వాయిదాలు మొదలవుతాయి. లోన్ కాగితాల మీద అమ్మాయితో పాటు మీ సంతకం కూడా ఉంటుంది కాబట్టి వాయిదా తప్పితే సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడుతున్నామా అని చెప్పే మార్కు) ఇద్దరిదీ పడిపోతుంది. ఆ తర్వాత అబ్బాయి చదువుకి లోన్ అడిగితే బ్యాంకు ముందు చూసేది ఆ స్కోరే.

ఇక రెండో దారి లెక్క చూద్దాం. కన్వీనర్ సీటు ఫీజు కాలేజీని బట్టి ఏడాదికి 40 వేల నుంచి లక్ష చిల్లర దాకా ఉంటుంది. మీ అమ్మాయికి వచ్చే కాలేజీ ఫీజు 70 వేలు అనుకుందాం. నాలుగేళ్లకి 2 లక్షల 80 వేలు. బస్సు ఏడాదికి 30 వేల చొప్పున లక్షా ఇరవై. లాప్‌టాప్, పరీక్ష ఫీజులు, కాలేజీ వాళ్లు విడిగా అడిగే ట్రైనింగ్ ఫీజు అన్నీ కలిపి ఒక లక్ష వేయండి. మొత్తం 5 లక్షలు. మీరు దాచినదాంట్లో రెండు లక్షలు వాడి, యాభై వేలు ఇంట్లో ఆపదకి ఉంచుకుని, 3 లక్షలు లోన్ తీసుకుంటే చాలు. మూడు లక్షలకి పదిన్నర శాతం మీద ఏడేళ్ల వాయిదా నెలకి 5 వేల చిల్లర. చదువుకునే కాలపు వడ్డీ కూడా కలిస్తే 7 వేల లోపు. పాతిక వేల జీతంలో అమ్మాయే కట్టుకోగలదు. నున్న స్థలం నున్నలోనే ఉంటుంది.

డబ్బు తిరిగి వస్తుందా అని అడిగారు. ఐదు లక్షలు పెట్టిన చదువు వస్తుందనే నా నమ్మకం. మొదటి జీతం తక్కువైనా, పని నేర్చుకున్న పిల్లలు మూడు నాలుగేళ్లలో కంపెనీ మారి జీతం రెట్టింపు చేసుకోవడం ఈ రంగంలో మామూలే. అక్కడిదాకా అప్పు నెత్తిన లేకుండా నిలబడగలగాలి. అప్పు ఎక్కువైతే పిల్లలు పని నేర్పే ఉద్యోగాన్ని వదిలేసి, వెంటనే రెండు వేలు ఎక్కువిచ్చే ఏదో ఒకదానికి పోతారు. చాలామంది అక్కడే ఆగిపోతున్నారు.

మీ బావమరిది దీనికి ఒక మాట అంటారు, నాకు తెలుసు. ఆ యూనివర్సిటీలో చదివితే పాతిక వేలు కాదు, లక్ష వస్తుంది అంటారు. వారధి దాటి కాజ టోల్‌గేట్ వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా హోర్డింగులు కనిపిస్తాయి. పిల్లల ఫొటోలు, కింద లక్షల్లో ప్యాకేజీలు. అవి అబద్ధాలని నేను అనను. ఆ ఫొటోలో ఉన్న పిల్లకి నిజంగానే అంత వచ్చి ఉంటుంది. కానీ ఆ పిల్లతో పాటు అదే ఏడాది చేరిన మిగతా వెయ్యి మంది సంగతి హోర్డింగు మీద ఉండదు. అది తెలుసుకోవడానికి ఒక కాగితం ఉంది. తల్లిదండ్రుల్లో నూటికి పదిమంది కూడా దాన్ని తెరిచి చూడరేమో అనిపిస్తుంది. మీరు తప్పక చూడండి.

కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ఎన్ఐఆర్ఎఫ్ అని కాలేజీలకి ర్యాంకులు ఇస్తోంది. అందులో పాల్గొనే కాలేజీలు తాము పంపిన వివరాలను సొంత వెబ్‌సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టాలి. కాలేజీ వెబ్‌సైట్ తెరిస్తే పైనో కిందో ఎన్ఐఆర్ఎఫ్ అని ఒక లింకు ఉంటుంది. నొక్కితే ఒక పీడీఎఫ్ వస్తుంది. అందులో ప్లేస్‌మెంట్, పైచదువులు అనే పట్టిక చూడండి. యూజీ నాలుగేళ్ల కోర్సు అని ఉన్న చోట వరసగా మూడు బ్యాచ్‌ల వివరాలు ఉంటాయి. ఎంతమంది చేరారు, ఎంతమంది నాలుగేళ్లలోనే పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మీడియన్ జీతం ఎంత, ఎంతమంది పైచదువులకి వెళ్లారు.

మీడియన్ అంటే ఉద్యోగం వచ్చినవాళ్లందరినీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్ల జీతం. సగటు జీతం దగ్గర మోసపోయే వీలుంది. ఇద్దరికి యాభై లక్షలు వస్తే క్లాసు మొత్తం సగటు పెరిగిపోతుంది. మీడియన్ అలా పెరగదు.

ఒక ఉదాహరణ రాసి చూపిస్తాను, ఇది ఏ కాలేజీదీ కాదు. చేరినవాళ్లు 600. సమయానికి పూర్తి చేసినవాళ్లు 480. ఉద్యోగం వచ్చినవాళ్లు 300. మీడియన్ 3 లక్షల 60 వేలు. పైచదువులకి వెళ్లినవాళ్లు 60. దీన్ని ఎలా చదవాలి? మూడు లక్షల అరవై వేలు, అంతకన్నా ఎక్కువ వచ్చినవాళ్లు ఆ 300లో సగం, అంటే 150 మంది. చేరిన 600 మందిలో 150 అంటే నలుగురిలో ఒకరు. మిగతా ముగ్గురిలో ఒకరికి అంతకన్నా తక్కువ జీతం, ఇంకొకరు చదువు అయినా ఉద్యోగం లేకనో పైచదువుల్లోనో ఉన్నారు, ఇంకొకరికి చదువే సమయానికి పూర్తి కాలేదు లేదా ఉద్యోగం దొరకలేదు. మీ అమ్మాయి ఆ నలుగురిలో ఎవరవుతుందో ఈ రోజు మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. కాబట్టి అప్పు ఎంత చేయాలన్నది మధ్యలో ఉన్న పిల్ల జీతం చూసి తేల్చుకోవాలి. మొదటి స్థానంలో ఉన్న పిల్ల జీతం చూసి కాదు.

ఆ యూనివర్సిటీ కాగితం, మీకు కన్వీనర్ కోటాలో రాగల నాలుగైదు కాలేజీల కాగితాలు పక్కపక్కన పెట్టండి. మీడియన్ జీతాల మధ్య తేడా ఏడాదికి యాభై వేలో లక్షో కనిపిస్తే, దాని కోసం తొమ్మిది లక్షలు ఎక్కువ పెట్టాలా అని మీరే తేల్చుకోగలరు. ఒక లోపం మాత్రం గుర్తుంచుకోండి. ఈ పట్టికలో బ్రాంచ్‌ల వారీగా విడదీసి ఉండదు, కాలేజీ మొత్తానికి కలిపి ఉంటుంది. బ్రాంచ్ సంగతి తెలియాలంటే ఒక సాయంత్రం కాలేజీ బస్సులు బయల్దేరే వేళకి గేటు దగ్గరికి వెళ్లండి. ఈసీఈ నాలుగో ఏడాది పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని ఆపి అడగండి. మీ సెక్షన్లో ఎంతమందికి వచ్చింది, ఏ కంపెనీలు, ఆఫర్ లెటర్ వచ్చాక జాయినింగ్ ఎన్నాళ్లకి ఇచ్చారు, మీకు పాఠం చెప్పే లెక్చరర్లు ఏడాది మధ్యలో మారిపోతారా. పిల్లలు దాచకుండా చెప్తారు. అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. మీరు అడిగినదానికన్నా తను అడిగినదానికి ఎక్కువ చెప్తారు.

సీఎస్ఈ కావాలన్న అమ్మాయి కోరికని నేను తీసిపారేయడం లేదు. ఆ వయసులో క్లాసులో అందరూ అదే మాట అంటుంటే తనకి మాత్రం వేరేగా ఎలా అనిపిస్తుంది? కానీ తనకి తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. సర్వీస్ కంపెనీల్లో చాలావరకు ఈసీఈ, ఈఈఈ పిల్లల్ని కూడా అదే పరీక్షకి కూర్చోబెడతాయి, అదే జీతం ఇస్తాయి. కావలసింది బ్యాక్‌లాగ్స్ (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) లేకపోవడం, పదో తరగతి నుంచి బీటెక్ దాకా 60 శాతం తగ్గకపోవడం, కోడింగ్ పరీక్ష గట్టెక్కడం. జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్న కాలేజీల్లో వేరే బ్రాంచ్ పిల్లలు అదనపు క్రెడిట్లు చేసి కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ డిగ్రీ (అసలు డిగ్రీకి తోడుగా ఇచ్చేది) తీసుకునే వీలు కూడా ఉంది. చేరేముందు ఆ కాలేజీ అది నిజంగా నడుపుతోందా అని కనుక్కోండి.

ఇంకో సంగతి. ఒక కాలేజీలో ఒక బ్రాంచ్‌కి ఇన్ని సీట్లే అన్న పరిమితిని సాంకేతిక విద్యని పర్యవేక్షించే ఏఐసీటీఈ 2024–25 నుంచి మంచి పనితీరు ఉన్న కాలేజీలకి ఎత్తేసింది. దాంతో సీఎస్ఈ సెక్షన్లు విపరీతంగా పెరిగాయి. ఆ పిల్లలందరూ 2028 నుంచి వరసగా బయటికొస్తారు, సీఎస్ఈ తీసుకుంటే మీ అమ్మాయి కూడా ఆ గుంపులోనే పోటీ పడాలి. ఈసీఈకి ఐటీ తలుపు ఎలాగూ తెరిచే ఉంటుంది, దానికి తోడు చిప్ డిజైన్, ఎంబెడెడ్ (యంత్రాల లోపల ఉండే చిన్న కంప్యూటర్ల) పనులు ఉన్నాయి. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాస్తే ప్రభుత్వరంగ సంస్థలు, ఎంటెక్ ఉన్నాయి. రైల్వే జూనియర్ ఇంజినీర్ పోస్టులు ఉన్నాయి. మన పక్కనే మచిలీపట్నంలో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) యూనిట్ ఉంది, ఆ సంస్థ తీసుకునే ఇంజినీర్లలో ఎక్కువమంది ఎలక్ట్రానిక్స్ వాళ్లే. ఇవన్నీ కష్టపడితే వచ్చేవే, ఊరికే రావు. కానీ దారులు ఎక్కువ.

అసలు ఇంజినీరింగే ఎందుకు, లయోలాలోనో ఇంకో మంచి డిగ్రీ కాలేజీలోనో బీఎస్సీ కంప్యూటర్స్ చదివితే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఎంసీఏ ఇప్పుడు రెండేళ్లే కాబట్టి ఐదేళ్లలో అదీ మంచి చదువే. మీ అమ్మాయికి లెక్కలు వచ్చు, కన్వీనర్ సీటు వచ్చే ర్యాంకుంది. తనకి బీటెక్ మీద మనసుంది. అప్పుడు దాన్ని కాదనడానికి నాకు కారణం కనపడదు.

బ్యాంకు విషయానికొస్తే, 4 లక్షల లోపు చదువు లోన్‌కి మామూలుగా బ్యాంకులు తాకట్టు అడగకూడదు, మీ వాటా డబ్బు ముందు పెట్టమనీ అనకూడదు. ఏడున్నర లక్షల దాకా కూడా ఆస్తి తాకట్టు లేకుండా ప్రభుత్వ గ్యారంటీ మీద ఇచ్చే ఏర్పాటు ఉంది. చదువు లోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లికేషన్ పెడితే నంబరు వస్తుంది, మేనేజర్ ఊరికే తిప్పి పంపడానికి ఉండదు. ఇంకా ముఖ్యమైనది, ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకి చదువుకునే కాలం, ఆపైన ఒక ఏడాది పడే వడ్డీని కేంద్రమే కట్టే పథకం ఉంది. చదువు నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపుల్లో కాలేజీకి నాక్ గుర్తింపో కోర్సుకి ఎన్‌బీఏ గుర్తింపో ఉండాలి. మీ ఇద్దరి సంపాదనా కలిపితే ఏడాదికి నాలుగు లక్షల లోపే, అంటే మీరు ఇందులోకి వస్తారు. కన్వీనర్ సీటుతో వెళ్తే బ్యాంకులో మీ మాట సాఫీగా నడుస్తుంది. కాలేజీ తనంతట తానే ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటుకి ఒక్కో బ్యాంకు ఒక్కోలా చూస్తుంది, వడ్డీ రాయితీ దగ్గర చిక్కులొస్తాయి. కాలేజీల లిస్టు రాసుకునేటప్పుడే నాక్, ఎన్‌బీఏ ఉన్నాయో లేవో పక్కన రాసుకోండి. ఆ రాయితీ రాకపోతే, వీలైనంతవరకు చదువుకునే కాలంలోనే వడ్డీ నెలనెలా కొంత కట్టేయండి. మూడు లక్షలూ ఏడాదికి 75 వేల చొప్పున తీసుకుంటారు కాబట్టి మొదటి ఏడాది వడ్డీ నెలకి ఆరేడు వందలే అవుతుంది.

ఆదాయం సర్టిఫికెట్ సంగతి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఏడాది ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు, మీది దాటింది. తక్కువకి రాయించవద్దు. జీతం బ్యాంకులో పడుతుంటే ఎప్పటికైనా బయటపడుతుంది. పడిన రోజు ఇబ్బంది పడేది మీ బావమరిది కాదు, కాలేజీ మధ్యలో ఉన్న మీ అమ్మాయి. ఇంకో మాట, ఒక కాగితంలో రెండు లక్షలనీ, బ్యాంకు లోన్ కాగితంలో నాలుగు లక్షలనీ రాస్తే వచ్చే వడ్డీ రాయితీ కూడా పోతుంది. అర్హత ఉన్న ఇళ్లకే రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యంగా వచ్చి, కాలేజీ వాళ్లు ఫీజు మీరే కట్టండి అని పిల్లల్ని నిలబెడుతున్న రోజులివి. దాన్ని నమ్ముకుని లెక్క వేసుకోవద్దు.

స్థలం గురించి నాకొక అభిప్రాయం ఉంది, మీరు అడగకపోయినా చెప్తాను. పెళ్లికని దాచిన స్థలం చదువుకి అమ్మడం తప్పేమీ కాదు. ఆడపిల్ల చదువుకి తక్కువ పెట్టమని నేను అనడం లేదు, అబ్బాయి అడిగినా ఇదే లెక్క చెప్పేవాడిని. కానీ ఆ స్థలం ఇప్పుడు ఒక ఫీజు రసీదుగా మారిపోతే నాలుగేళ్ల తర్వాత ఏమీ మిగలదు. దాన్ని అలాగే ఉంచండి. రేపు తను గేట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని ఎంటెక్‌కి వెళ్తానన్నా, ఉద్యోగం ఒక ఏడాది ఆలస్యమైనా, మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయినా అది ఆదుకుంటుంది. కట్నంగా పోవడానికి మాత్రం కాదు. తన పేరు మీద ఉండనివ్వండి.

ఆదివారం లోపు 25 వేలు కట్టమన్న ఫోన్‌కి జవాబు ఇవ్వకండి. కన్వీనర్ కౌన్సెలింగ్ మొత్తం అయ్యాక కూడా అలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. తొందర పెట్టడమే వాళ్ల పని. ఎక్కడ చేరినా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర వదలొద్దు. కాలేజీలు ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీలని పర్యవేక్షించే యూజీసీ 2018లోనే చెప్పింది. చూపించి, జిరాక్సులు ఇచ్చి వెనక్కి తెచ్చుకోండి. మొదటి విడతలో వచ్చిన సీటు నచ్చకపోయినా కంగారు పడొద్దు, తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. కాబట్టి వెబ్ ఆప్షన్లలో మొదట అందనివి అనిపించే సీఎస్ఈ సీట్లే పెట్టించండి, నాలుగైదు మంచి కాలేజీల్లో. ఆ తర్వాత అవే కాలేజీల్లో ఈసీఈ. ఎవరూ పేరు వినని కాలేజీలో సీఎస్ఈ వాటి కింద. తనకి కావలసింది పైన రాసుకున్నాం అన్న తృప్తి తనకీ ఉంటుంది, ఒక్కోసారి అదృష్టం కలిసొచ్చి సీటు వచ్చినా వస్తుంది.

చేరాక నాలుగేళ్లలో మీరు గట్టిగా పట్టుకోవలసింది ఒకటే, మొదటి ఏడాది ఒక్క సబ్జెక్టు కూడా తప్పకుండా చూడటం. ఇంటర్‌లో పొద్దున ఆరు నుంచి రాత్రి దాకా కాలేజీ వాళ్లే కూర్చోబెట్టి చదివించిన పిల్లలు, బీటెక్‌లో ఎవరూ అడగకపోయేసరికి మొదటి ఏడాదే జారిపోతారు. ఇంజినీరింగ్ మేథమేటిక్స్ ఒకటి తప్పితే అది మూడో ఏడాది దాకా వెంటాడి, క్యాంపస్ పరీక్షలో కూర్చోనివ్వదు. డబ్బు కట్టి తెచ్చుకునే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లకి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి. మీరు ఆటోనగర్‌లోనే ఉన్నారు. వేసవి సెలవుల్లో బండ్ల వైరింగ్, సెన్సర్లు రిపేరు చేసే షాపు ఏదైనా తెలిసుంటే అక్కడ నెలరోజులు కూర్చోబెట్టినా ఈసీఈ పిల్లకి ఆ సర్టిఫికెట్ల కన్నా ఎక్కువ వస్తుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఒక నిజమైన పని ఉంటుంది.

అబ్బాయి సంగతి ఇప్పుడే ఆలోచించడం మంచిది. తొమ్మిది అంటే వచ్చే ఏడాది పది. పదిలో మార్కులు బాగా వస్తే నూజివీడు ట్రిపుల్ ఐటీకి అప్లై చేయొచ్చు, అక్కడ ఆరేళ్ల చదువు, ఇంటర్ కూడా అందులోనే అయిపోతుంది. రాకపోతే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించండి. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాదికి ఐదు వేల లోపు ఫీజుతో మూడేళ్ల డిప్లొమా వస్తుంది. తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు, లేదా ఆ డిప్లొమాతోనే ఉద్యోగానికి వెళ్లవచ్చు. కార్పొరేట్ కాలేజీలో రెండేళ్ల ఇంటర్‌కి పెట్టే లక్షలు మిగులుతాయి. వాడికి చేతి పని ఇష్టమో, పుస్తకం ఇష్టమో మీకే తెలియాలి.

ముందుగా ఈ వారంలో చేయవలసింది ఆ ఎన్ఐఆర్ఎఫ్ కాగితాలు. అమ్మాయి చేతే డౌన్‌లోడ్ చేయించండి. ఒక తెల్ల కాగితం మీద కాలేజీ పేరు, నాలుగేళ్ల మొత్తం ఖర్చు, చేరినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, మీడియన్ జీతం, నెల వాయిదా అని ఆరు గళ్లు గీసి తననే నింపమనండి. నెల వాయిదా గడి నింపేటప్పుడు మీరు పక్కన కూర్చోండి. తర్వాత తను ఏమందో నాకు రాయండి. వచ్చిన సీటు కూడా రాయండి. కాలేజీ పేరు తెలిస్తే లోన్ అప్లికేషన్‌లో ఏయే కాగితాలు పెట్టాలో వివరంగా చెప్తాను.